సరిచూసుకునే జబ్బు

నలభై దాటాక పోటీ పరీక్షల పిల్లల మధ్య కూర్చుని చదువుకుంటావని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని. అశోక్ నగర్‌లో ఒక స్టడీ హాల్ మూడో అంతస్తులో, ఫ్యాన్ కింద ఒక కుర్చీ, నెల కిరాయికి తీసుకున్నాను. చిక్కడపల్లిలో మా ఇంట్లో చదువు సాగదు. పొద్దెక్కితే చాలు, ఎవరో ఒకరు వచ్చి ఇవాళ డ్యూటీ లేదా అని అడుగుతారు. డ్యూటీయే లేదని ఎంతమందికి చెప్పను?

పద్నాలుగేళ్ళు నేను గొట్టాల్లో పారే నీటి మీద పరిశోధన చేశాను. నిలకడగా పారే నీరు ఎప్పుడు, ఎందుకు సుడులు తిరగడం మొదలుపెడుతుందన్నదే నా ప్రశ్న. మాది ప్రాజెక్టు ఉన్నంత కాలమే ఉండే ఉద్యోగం. ఏటా పొడిగిస్తూ వచ్చారు, ఒక ఏడాది పొడిగించలేదు. ఇంకో సంస్థలో అడిగితే వయసు దాటిందన్నారు. వయసు దాటేదాకా చేయించుకున్నది వాళ్ళలాంటి వాళ్ళే. ఇదే గణితంతో షేర్ల ధరలు అంచనా వేసే కంపెనీలున్నాయని తెలిసి అటు తిరిగాను. డబ్బు మీద మోజుతో కాదు, లెక్కను వదలలేక. ఇది కుదరకపోతే జూన్‌లో నారాయణగూడలోని ఒక కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడానికి ఒప్పుకున్నాను. చెడ్డ పనేం కాదు. కానీ అవే పాఠాలు, అవే బిట్లు, రిటైరయ్యేదాకా. తలచుకుంటే ఊపిరాడేది కాదు.

మొదటి కంపెనీ వాళ్ళు ఇంట్లో చేసి పంపమని ఒక పరీక్ష పెట్టారు. పాత ధరల పట్టిక ఇచ్చి, ఇందులో లాభం తెచ్చే పద్ధతి ఏదైనా ఉందేమో చూడమన్నారు. గడువు నాలుగు రోజులు. మొదటి రోజే అనుమానం వచ్చింది. పట్టికలో ఇప్పటికీ నడుస్తున్న కంపెనీలే ఉన్నాయి, మునిగిపోయినవి ఒక్కటీ లేదు. అలాంటి పట్టికలో ఏ పద్ధతి పెట్టినా లాభమే కనిపిస్తుంది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. నాకు అనుమానం సరిపోదు, రుజువు కావాలి. ఇంకో వారం గడువు ఇవ్వమని మర్యాదగా మెయిల్ రాశాను. జర్నల్ వాళ్ళకు ఎన్నోసార్లు రాసిన అలవాటు. అక్కడ గడువు అడిగితే ఎవరూ తప్పుపట్టరు, పైగా శ్రద్ధగల మనిషి అనుకుంటారు. వీళ్ళు కూడా సరేనన్నారు. పదకొండో రోజున ఇరవై పేజీల నివేదిక పంపి, మంచి పని చేశానని మురిసిపోయాను.

ఆ కంపెనీ నుంచి ఫోన్ చేసినతను నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడై ఉంటాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"మీరు చెప్పింది కరెక్టే మేడమ్. ఇదే మాట ఇంకొకాయన ఫస్ట్ డే సాయంత్రమే ఆరు లైన్లల్ల రాసి పంపిండు. ఆయన జాయిన్ కూడా అయిపోయిండు."

తప్పు చేసి పోగొట్టుకుంటే నన్ను నేను తిట్టుకునేదాన్ని. ఒప్పు చేసి పోగొట్టుకుంటే ఎవర్ని తిట్టాలి? రెండు రోజులు ఇంట్లో అందరి మీదా అరిచాను.

స్టడీ హాల్‌లో నా పక్క కుర్చీ అమ్మాయిది మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ముషీరాబాద్‌లో ఉంటున్న మేస్త్రీ కుటుంబం. మూడోసారి గ్రూప్స్ రాస్తోంది. నేను గడియారం పెట్టుకుని ఒకే లెక్కను నాలుగుసార్లు చేయడం చూసి, ఉండబట్టలేక అడిగింది.

"అక్కా, ఒక్క లెక్కకు గింతసేపా? వచ్చింది పెట్టేసి ముందుకు పోవాలె. ఆగితే పేపర్ మిగిలిపోతది."

నాకు చిర్రెత్తింది. ఇన్నేళ్ళ చదువుకు ఈ పిల్ల పాఠం చెబుతోందా అనుకున్నాను. కానీ రెండో కంపెనీ ఇంటర్వ్యూ నాటికి నా దగ్గర ఇంకో ఉపాయం లేదు.

ఆ ఇంటర్వ్యూ ఇంట్లోంచే, వీడియోలో. ఇద్దరు కూర్చుని గుక్క తిప్పుకోనివ్వకుండా ప్రశ్నలు వేశారు. వరసగా రెండు ఆరులు పడేదాకా పాచిక వేస్తూ పోతే సగటున ఎన్నిసార్లు వేయాలని అడిగారు. ముప్పై ఆరు అన్నాను. సరిచూసుకోలేదు. వాళ్ళు తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్ళారు, నేనూ వెళ్ళాను.

మర్నాడు పొద్దున స్టడీ హాల్‌లో కాగితం మీద చేసి చూస్తే నలభై రెండు వచ్చింది. ముప్పై ఆరు అనేది తొందరపడే ఎవరికైనా తట్టే తప్పు. మేం ప్రచురించిన దాంట్లో తప్పు దొరికితే మేమే రాసి ఒప్పుకోవాలి, అది మా రివాజు. అలాగే వాళ్ళకు మెయిల్ రాశాను. నా జవాబు తప్పు, సరైనది నలభై రెండు, కారణం ఇది అని. ఉద్యోగం మీద ఆశ వదులుకునే పంపాను.

మధ్యాహ్నానికి జవాబొచ్చింది. తప్పని వాళ్ళకు అప్పుడే తెలుసట. మిగతావి సరిపోయాయట, ఎక్కడా ఆగలేదు కాబట్టి వాళ్ళకు నచ్చానట. సోమవారం వచ్చి చేరమన్నారు.

సంతోషించాల్సింది. ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి మా ఆయనకు ఫోన్ చేతికిచ్చి, మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఆయన మెయిల్ రెండుసార్లు చదివి నా పక్కన కూర్చున్నాడు.

"నౌకరీ వచ్చిందని రాసిన్రు కదా, ఎందుకు ఏడుస్తున్నవ్?"

"పద్నాలుగేండ్లు ఒక్క తప్పు అంకె బయటికి పోనియ్యలె," అన్నాను. "అప్పుడు తీసేసిన్రు. నిన్న ఒకటి పోనిచ్చిన, రమ్మంటున్రు."