ముందే చెప్పిన సాక్ష్యం

నాకు ఓపిక లేదు. అది మా ఇంట్ల అందరికి ఎరుకే. పొయ్యి మీద పాలు పెట్టి పొంగేదాక నిలవడలేని మనిషిని, దేవుని జవాబు కోసం ఎట్ల నిలవడ్త?

మా ఆయన జహీరాబాద్ మార్కెట్ల అల్లం హర్రాజుల వేలం పాట పిలుస్తడు. తెలుగుల, ఉర్దుల, కన్నడ సరిహద్దున ఉన్న న్యాల్‌కల్ దిక్కు నుంచి వచ్చే రైతులకు కన్నడంల ఒర్రి ఒర్రి ఇంత తిండి తెచ్చే గొంతు అది. మూడు నెలల సంది బొంగురువోయింది. పట్నం దవాఖానల చూసి, లోపల చిన్న గడ్డ ఉందన్నరు. ముక్క తీసి పరీక్షకు పంపిన్రు. రిపోర్టు బుధవారం వస్తదన్నరు.

ఆ నడుమ ఆదివారం వచ్చింది. మా చర్చి సంఘంల వాక్యం అయినంక, దేవుడు చేసిన మేలు గురించి లేసి సాక్ష్యం చెప్తరు. ఇంకా జరగకముందే జరిగిందని చెప్పుడు గొప్ప విశ్వాసమని మా దగ్గర ఒక లెక్క. నాకు ఏం పూనిందో ఏమో, కొంగు నెత్తి మీద కప్పుకొని లేసిన. "దేవుడు నా భర్తను ముట్టిండు. గడ్డ లేదు, ఏం లేదు. బాగయిండు!" అన్న. చప్పట్లే చప్పట్లు. హల్లెలూయలతోని పైన రేకులు అదిరినయ్. మొగోళ్ల దిక్కు చాప మీద కూసున్న మా ఆయన మాత్రం తల ఎత్తలే. సిగ్గు పడుతున్నడనుకున్న.

సోమవారం సంది మొదలైనయ్ నా తిప్పలు. అంత విశ్వాసం చెప్పినదాన్ని, ఫికర్ పడొద్దు కదా! ఫోన్ మోగితే ఉరుకుడు. మోగకపోతే తీసి చూసుడు. ఊడ్చిన వాకిలే మల్ల ఊడ్చిన. కూరల ఉప్పు రెండుసార్లు ఏసిన. పక్కింటి ఖాలా గోడ మీదికెళ్లి "క్యా హువా, రిపోర్ట్ ఆయా?" అని రిపోర్టు వచ్చిందా అడిగితే, "అంత మంచిగనే ఉంది ఖాలా" అన్న. అది విశ్వాసమో అబద్ధమో నాకే తెల్వదు.

బుధవారం ఫోన్ వచ్చింది. తీసిన ముక్క సరిపోలేదంట. ఇంకోపారి తీయాలె, వచ్చే వారం రమ్మన్నరు. ఉందని చెప్పలే, లేదని చెప్పలే. నాకు తిక్కలేసింది. దేవుని మీదనే కోపమొచ్చింది. నేను అంత గట్టిగ చెప్పినంక ఒక్క రిపోర్టు సక్కగ పంపిస్తే నీకేం పోతుండె?

"ఎవ్వరికి చెప్పకు," అన్న మా ఆయనతోని. "జర విశ్వాసం పెట్టు. నలుగుట్ల నవ్వులపాలు కావొద్దు."

ఆయన అన్నం కలుపుడు ఆపిండు. "నిన్న మార్కెట్ల మన సంఘమోళ్లు కలిసిన్రు. ప్రార్థన చేయమని అడుగుదామనుకున్న. నీకేమయింది, బాగయితివి కదా అని చేయి కలిపి పోయిన్రు. నాకు మస్తు భయమైతుంది. నువ్వు చెప్పిన కాడికెళ్లి ఎవ్వరితోని చెప్పుకోనొస్తలేదు. నీతోని గూడ."

ఆ పోయిన గొంతుతోని ఇన్ని మాటలన్నడు. సుస్తి ఆయనది, గొప్పలు నాయి!

మల్ల ఆదివారం లేసిన. "పోయిన వారం నేను చెప్పింది నిజం కాదు. ఆయన బాగయిండో లేదో నాకు తెల్వదు, డాక్టర్లకు తెల్వదు. దేవునికి ఎరుక. మాకు భయమైతుంది. ప్రార్థన చేయుండ్రి." ఒక్కరు చప్పట్లు కొట్టలే. ముందల కూసున్న ఒకామె నన్ను ఎగాదిగా చూసింది. సిగ్గుతోని చచ్చిన.

పాస్టరయ్య మా ఆయన దగ్గరికి పోయి, నెత్తి మీద చేయి పెట్టి, "చెప్పు తమ్మీ," అన్నడు. మా ఆయన మూతికి తువాల అడ్డం పెట్టుకొని ఏడ్చిండు. పెండ్లయిన ఇన్నేండ్లల్ల ఆయన ఏడువంగ నేను సూడలే. చుట్టున్నోళ్లు ఒక్కొక్కరు లేసి వచ్చి ఆయన భుజాల మీద చేతులు ఏసిన్రు.

నేను ఆడోళ్ల దిక్కు నుంచి చూసుకుంట నిలవడ్డ. గడ్డ పోగొట్టుమని అడుగుదామన్నా ఆ మాట నోటికి రాలే. "ప్రభువా, ఆయనను ఒక్కన్ని చేయకు," అన్న. "నేను చేసినట్టు నువ్వు చేయకు."