తెల్ల వ్యాన్ కబురు

మధ్యాహ్నం రెండింటికి చెక్‌పోస్ట్‌కి చేరాం. సన్నీవేల్‌లో మా అపార్ట్‌మెంట్ నుంచి రెండున్నర గంటల డ్రైవ్. ఆకాశం నారింజ రంగులో ఉంది. బూడిద సన్నగా రాలుతోంది. కొండ మీదికి ఒకటే రోడ్డు. ఎడమ పక్క లోయ, కుడి పక్క ఎండిన గడ్డి, ఓక్ చెట్లు. పైన అడవి తగలబడుతోంది. ఊరు ఖాళీ చేయిస్తున్నారు.

అప్పట్లో నేను శాంటా క్లారాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, నెలకో వీకెండ్ సైనికుడిని. గ్రీన్ కార్డ్ వచ్చాక రాష్ట్ర సైనిక దళంలో చేరాను. "నీకేం పోయేకాలం?" అన్నారు మనవాళ్ళు. యుద్ధం ఏదీ చూడలేదు. నాకు పడిన పెద్ద డ్యూటీ ఇదొక్కటే, దారికి అడ్డంగా నిలబడటం. ఆర్మీలో ఏం చేశావని ఎవరైనా అడిగితే దీని గురించే చెబుతాను.

ఆర్డర్లు సులువు. ఊరివాళ్ళని కిందికి పంపాలి. పైకి ఎవరినీ పంపకూడదు. పశువుల్ని తీసుకురావడానికి వచ్చినవాళ్ళని మాత్రం, యజమాని ముందే మాతో చెప్పి ఉంటే, పంపొచ్చు. మా దగ్గరున్నవి మాస్కులు, మెరిసే జాకెట్లు, నీళ్ళ సీసాలు, ఒక రేడియో. తుపాకులు ఇవ్వలేదు.

పగలు ముగ్గురం. మా సార్జెంట్ యాభై దాటిన తెల్లాయన, మామూలు రోజుల్లో స్కూల్ బస్సు నడుపుతాడు. రేడియో చూసే కుర్రాడి తాతలు మెక్సికో నుంచి వచ్చారు. మూడోవాణ్ణి నేను. సాయంత్రం ఆరింటికి రాత్రి జట్టు వస్తుంది. డ్యూటీ అప్పగించేటప్పుడు రేడియోతో పాటు కబుర్లు కూడా అప్పగించాలి. అది సైన్యంలో పద్ధతి.

మొదటి రోజే చిన్న కారులో ఒక పెద్దావిడ దిగివచ్చింది. వెనక సీట్లో రెండు కుక్కలు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"నా గుర్రాలు రెండూ పైనే ఉన్నాయి. నాడాలు కొట్టే రమీరో వస్తానన్నాడు. తెల్ల వ్యాన్. వచ్చాడా?"

"ఇంకా రాలేదమ్మా," అన్నాడు రేడియో కుర్రాడు.

"వస్తే పంపండి బాబూ."

సరేనన్నాం. నేను పక్కనే ఉన్నాను. ఆ తర్వాత వందల కార్లు దిగాయి. ఆరింటికి రేడియో కుర్రాడు రాత్రి జట్టుతో అన్నది ఇంతే: "ఒకావిడ తెల్ల వ్యాన్ గురించి అడిగింది. చూస్తుండండి." అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

మర్నాడు ఉదయం రాత్రి జట్టు మాకు చెప్పింది: "తెల్ల వ్యాన్ ఒకటి ఖాళీ ఇళ్ళ చుట్టూ తిరుగుతోందట." ఆ సాయంత్రం మేమూ అదే తిరిగి అప్పగించాం. మూడో రోజు ఉదయానికి ఆ కబురులో వ్యాన్‌లోకి మెక్సికన్లు ఎక్కారు, తాళాలు కూడా పగలగొడుతున్నారు. మొదటి రోజు ఆ పెద్దావిడ నోట నా చెవులతో నేను విన్న మాటే అది. ఆ మాట బట్టలు మార్చుకుని వచ్చేసరికి గుర్తుపట్టలేదు.

పైగా నేనూ ఓ చెయ్యి వేశాను. రెండో రోజు సాయంత్రం క్యాంప్ నుంచి నా ఫ్రెండ్ శ్రీనుకి ఫోన్ చేసి చెప్పాను.

"నిప్పు లేకుండ పొగొస్తదారా? జర పైలం. మా గ్రూప్‌ల పెడ్త," అన్నాడు.

తెల్లారేసరికి నా భార్య లావణ్య మెసేజ్ పెట్టింది. మా అపార్ట్‌మెంట్ కింద తెల్ల వ్యాన్ ఆగిందని గ్రూపంతా గోలగోలట. తీరా చూస్తే కార్పెట్ క్లీనింగ్ వాళ్ళు. నవ్వుకుని డ్యూటీకి వెళ్ళాను.

ఆ రోజు పదింటికి తెల్ల వ్యాన్ వచ్చింది. వెనక గుర్రాల ట్రైలర్. నడిపేవాడు ఒక్కడే. నలభై ఏళ్ళుంటాయి, గడ్డి టోపీ పెట్టుకున్నాడు. రమీరో అని పేరు చెప్పాడు. ట్రైలర్ అరువు దొరికేసరికి రెండు రోజులు పట్టిందన్నాడు. యజమానురాలి పేరు కూడా చెప్పాడు. ఆ పేరు మా ముగ్గురిలో ఎవరికీ గుర్తు లేదు.

"ఆవిడ మీతో చెప్పానంది," అన్నాడు.

"మాతో ఎవరూ చెప్పలేదు," అన్నాడు రేడియో కుర్రాడు. ఆ క్షణంలో అతను నిజంగానే అలా నమ్ముతున్నాడు.

వ్యాన్ వెనక తలుపులు తీయించాం. సుత్తి, పటకార్లు, ఆకురాళ్ళు, గిట్టలు చెక్కే వంపు కత్తి, తాళ్ళు.

"తాళాలు పగలగొట్టడానికి ఇంకేం కావాలి?" అన్నాడు రేడియో కుర్రాడు నాతో. "ట్రైలర్ ఖాళీగా తెచ్చాడు చూడు, నింపుకుపోవడానికే. నాకు వీళ్ళ సంగతి తెలుసు."

రమీరో గబగబా చెబితే కంగారు పడుతున్నాడన్నాం. ఊరుకుంటే ఏదో దాస్తున్నాడన్నాం. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఆ పచ్చదనం మాకు రెండు రోజుల్లో పట్టింది. సార్జెంట్ మాత్రం మర్యాదగానే అన్నాడు: "పోలీసు వచ్చేదాకా పక్కన కూర్చో."

అతను రోడ్డు పక్కన కూర్చున్నాడు. అంతలో ఒక పికప్‌లో ఇద్దరు తెల్లవాళ్ళు వచ్చారు. ఆవులున్నాయన్నారు. వాళ్ళ గురించీ మాకెవరూ ముందు చెప్పలేదు. సార్జెంట్ పేర్లు కూడా అడక్కుండా చెయ్యి ఊపి పంపేశాడు. నాకు అందులో తేడా ఏమీ అనిపించలేదు. యూనిఫాం విప్పితే నాదీ రమీరో రంగే, అయినా అనిపించలేదు.

పన్నెండింటికి, పోలీసు ఇంకా రాకముందే, రేడియో మోగింది. "గాలి తిరిగింది. పైకి ఎవరినీ పంపొద్దు. రోడ్డు మూసేయండి."

రమీరో లేచి వచ్చాడు. "నన్ను పంపకపోతే పోనీ. మీలో ఎవరన్నా వెళ్ళండి. గేటు తీస్తే చాలు. మిగతాది అవే చూసుకుంటాయి."

ఎవరం కదల్లేదు. ఆర్డర్ ఆర్డరే.

నాలుగింటికి ఆ పెద్దావిడ కారు వచ్చింది. "రమీరో వచ్చాడా?" అని అడుగుతూనే రోడ్డు పక్కన అతన్ని చూసింది. ఆమెకి అర్థమైపోయింది. వెళ్ళి అతని పక్కన మట్టిలో కూలబడింది.

"నేనే కదా విన్నాను. సరే అన్నాను కూడా," అన్నాడు రేడియో కుర్రాడు మెల్లగా. నేనూ విన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

రెండు రోజులకి రోడ్డు తెరిచారు. సార్జెంట్ తనే రమీరోని మా బండిలో ఎక్కించుకున్నాడు. నన్నూ రమ్మన్నాడు. బూడిద రంగు ఆడగుర్రం కంచె దూకి వాగులో నిలబడి ఉంది. గోధుమ రంగుది ముసలిది. గేటు దగ్గరే పడి ఉంది. గేటు వేసే ఉంది.

ద్వేషం ఎక్కడో చెడ్డవాళ్ళ ఇళ్ళలో పుడుతుందనుకునేవాణ్ణి. మా చెక్‌పోస్ట్‌లో ఎవరికీ ద్వేషం లేదు. అలసట ఉంది, పొగ ఉంది, ఊరి ఇళ్ళు కాపాడాలన్న తాపత్రయం ఉంది. అవి చాలు. ఒక మనిషిని అసలు చూడకుండానే చూశామనుకోవడానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు.

మా డ్యూటీ ముగిసిన ఉదయం కొత్త జట్టు వచ్చింది. సార్జెంట్ వాళ్ళని నిలబెట్టి చెప్పాడు: "తెల్ల వ్యాన్ రమీరోది. మంచివాడు. అడ్డుకోకండి. ఇక్కడ మీరు కళ్ళతో చూసింది వేరుగా చెప్పండి, విన్నది వేరుగా చెప్పండి."

మేము బ్యాగులు ఎక్కిస్తుండగా రమీరో గుర్రానికి గడ్డి వ్యాన్‌లో వేసుకుని వచ్చాడు. వెళ్ళమని సార్జెంట్ చెయ్యి ఊపాడు. అతను వెళ్ళలేదు. దిగాడు. నాలుగు తలుపులూ తీశాడు. ఒక్కొక్క పనిముట్టూ తీసి రోడ్డు మీద వరసగా పరిచాడు. రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కనబడేలా నిలబడ్డాడు.

కొత్త జట్టులో ఒకడు పక్కవాడితో అన్నాడు: "అడక్కముందే ఎందుకు చూపిస్తున్నాడు? ఏదో ఉంది."

ఇంటికొచ్చాను. ఆ వారమే శ్రీను బిర్యానీకి పిలిచాడు. ఇదంతా చెప్పాను. ఏ వేళప్పుడైనా నన్ను ఎయిర్‌పోర్ట్‌లో దింపే మనిషి వాడు. అంతా విని అన్నాడు: "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉందిగదరా."

"దొంగ దొంగ అని అంటనే ఉంటే, కానోడు కూడా తడుముకుంటాడ్రా," అన్నాను. వాడు ఫోన్ తీసి గ్రూప్‌లో ఏదో టైప్ చేయబోయి, మానేసి, జేబులో పెట్టేసుకున్నాడు.

తర్వాత రెండేళ్ళకి సైన్యం వదిలేశాను. పొగ వాసన మర్చిపోయాను. గేటు దగ్గరి గుర్రాన్ని కూడా కొన్నాళ్ళు మర్చిపోగలను. మర్చిపోలేనిది ఆ ఉదయం తారురోడ్డు మీద అతను చివరగా పెట్టిన వంపు కత్తి. దాన్ని అతను నేల మీద పెట్టి, ఒక్క క్షణం ఆలోచించి, మళ్ళీ వంగి తిప్పాడు. పిడి మా వైపు ఉంది. మొన తన వైపు.