కరుణాకరానికి ఏదీ నచ్చదు

కరుణాకరం నోటి నుంచి "బాగుంది" అనే మాట విన్నవాళ్లు మార్కాపురంలో ఎవరూ లేరు. దొనకొండకు, కురిచేడుకు నడుమ రైల్వే గేటు దగ్గర ముప్పై ఏళ్లు పచ్చజెండా ఊపి, అన్ని రైళ్లు చూసి కూడా ఒక్కదాన్నీ మెచ్చుకోని మనిషి ఆయన. ఎక్స్‌ప్రెస్ పోతే "దీనికేం తొందర" అనేవాడు. ప్యాసింజరు పోతే "దీనికన్నా నేను నడుస్తా" అనేవాడు. గూడ్సుబండ్ల గురించి ఆయన అన్నవి రాయడానికి వీలుపడదు.

కిడ్నీలు పాడై మార్కాపురం ఆసుపత్రికి డయాలసిస్‌కు రావడం మొదలయ్యాక, తీరుబడిగా ఈసడించుకోవడానికి ఆయనకు వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు దొరికాయి. రక్తం మిషన్‌లోకి పోయి, శుభ్రపడి, మళ్లీ ఒంట్లోకి వచ్చేదాకా సూదులు గుచ్చిన చెయ్యి కదపకూడదు. నోరు కదపకూడదని మాత్రం ఏ డాక్టరూ చెప్పలేదు. ఆ నోటి పాలబడ్డది నర్సు కృపారాణి.

"నొప్పి పుట్టిందా పెదనాయనా?" అని ఆమె అడిగేది.

"నొప్పి గూడా సరిగ్గా పెట్టలేవు నువ్వు. ఉండీ లేనట్టుంది."

బరువు చూద్దామని కాటా ఎక్కిస్తే, "దీన్ని ఏ ఉల్లిగడ్డల దుకాణంలో పారేస్తే ఏరుకొచ్చినారు?" అనేవాడు.

రెండో దఫా కరోనా ఊళ్లను ఊపేసినప్పుడు ఆయనకూ అంటుకుంది. ఒంగోలులో విడిగా ఒక వార్డులో పెట్టి, అక్కడే డయాలసిస్ చేశారు. మూడు వారాల తర్వాత భార్య దానమ్మ భుజం పట్టుకుని మార్కాపురం ఆసుపత్రికి తిరిగొచ్చాడు. వాకిలి నుంచి మంచం దాకా రావడానికి మూడుసార్లు కూర్చోవాల్సి వచ్చింది. చొక్కా కొక్కేనికి తగిలించినట్టుంది. కృపారాణి ఎదురెళ్లి రెండో చెయ్యి పట్టుకుంది.

"ఎట్లుంది పెదనాయనా?"

ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇదొక రోగమా? చేతనైతే చంపాల, లేకుంటే వదలాల. మూడు వారాలు మీద కూర్చోని ఏదీ చేయలేకపోయింది." ఇంకాసేపు ఆయాసపడి, "ఆక్సిజన్ పెట్టినారు. చప్పగా ఉంది," అన్నాడు.

కృపారాణి మనసు కుదుటపడింది. మనిషి సగమయ్యాడు గానీ నోరు మొత్తం తిరిగొచ్చింది.

ఇక్కడి డయాలసిస్ వార్డులో ఆయనకు ఒక శత్రువుంది. పేరు గురమ్మ. పుల్లలచెరువు అవతల అడవి అంచు పల్లె ఆమెది; చింతపండు, కుంకుడుకాయలు ఏరి అమ్ముకునే కుటుంబం. ఉన్న ఒక్క కిటికీ పక్క మంచం ఆమెది. అది తనకు దక్కాలని కరుణాకరం ఏడాదిగా పోట్లాడుతున్నాడు. ఆమె కూడా మాటకు మాట అప్పజెప్పేది. గురమ్మకూ కరోనా వచ్చి తగ్గింది. తగ్గాక ఒక్కసారి వచ్చి, ఆ తర్వాత వరసగా రెండుసార్లు మానేసింది.

ఒక సోమవారం కృపారాణి వార్డులోంచి ఫోన్ చేస్తే ఆమె భర్త తిరుపతయ్య ఎత్తాడు. "రానంటాంది తల్లీ. కాళ్లల్లో సత్తువ లేదంట. ముద్ద దిగట్లే, మొహమంతా ఉబ్బింది. కరోనా ఇల్లని ఆటోవాళ్లు గూడా మా గడప తొక్కట్లే."

ఫోన్ ఆమెకే ఇప్పించుకుని కృపారాణి బతిమాలింది. "పెద్దమ్మా, నీకిప్పుడు కరోనా లేదు. నీరసం మెల్లగా పోద్ది. ఇంకొక్క దఫా మానితే నీరు ఊపిరితిత్తుల్లో చేరుద్ది. ప్రాణానికి మంచిది కాదు."

"పోనీలే తల్లీ. ఇంక చాలు," అంది గురమ్మ.

పక్క మంచం మీద మిషన్‌కు ఉన్న కరుణాకరం సూదులు లేని చెయ్యి చాపాడు. "ఆ ఫోను ఇటియ్యి." పలకరిస్తాడు కాబోలని కృపారాణి ఇచ్చింది.

"గురమ్మా, రావంట కదా. మంచి పని చేసినావు. కిటికీ మంచం నాకిచ్చేసినారు. నీ దుప్పటి వరండాలో పడేయిస్తాండా."

అవతల నుంచి లేచిన కేక పక్క మంచం దాకా వినబడింది. కృపారాణి ఫోన్ లాక్కునేసరికి అది కట్టయింది. ఆమెకు నిజంగానే కోపం వచ్చింది.

"ప్రాణం మీదికొచ్చిన మనిషితోనా ఈ మాటలు? మీకసలు మనసుందా?"

"ఉంది గానీ అదీ సరిగ్గా పనిచేయట్లే," అన్నాడు. ఆ పూటంతా కృపారాణి ఆయనతో మాట్లాడలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం ఒక ఆటో వచ్చి ఆగింది. తిరుపతయ్య చెయ్యి పట్టుకుని గురమ్మ దిగింది. గోడ ఆసరాతో రొప్పుతూ నడిచి, కిటికీ మంచం మీద కూలబడి, "ఇప్పుడు తీసుకోమను చూద్దాం ఆ ముసిలోణ్ణి," అంది. డాక్టరు చూసి వెంటనే మిషన్‌కు పెట్టమన్నాడు. సాయంత్రానికి నీరు తీసి, ఊపిరి తేలికపడ్డాక ఆమె నిద్రపోయింది.

బయట బెంచీ మీద తిరుపతయ్య మెల్లగా చెప్పాడు. "పొద్దున్నే ఆయనే వచ్చినాడమ్మా మా ఊరికి, ఈ బ్రహ్మం ఆటోలో. బ్రహ్మం భయపడి ఊరి బయటే ఆపితే, కర్ర పట్టుకోని మా ఇంటిదాకా నడిచొచ్చినాడు. మా ముసలిదాంతో గంటసేపు పోట్లాడినాడు. అంబలి ఇస్తే తాగి, ఇదేం అంబలి అన్నాడు. ఇంకో గ్లాసు పోయమన్నాడు. ఆటో కాడికొచ్చినాక బ్రహ్మం వెనక్కి తగ్గితే, ఈ పెద్దాయనే మా ఇద్దరి నడుమ కూర్చున్నాడు. 'నాకూ వచ్చిపోయింది, ఆమెకూ వచ్చిపోయింది. ఇంక నీకేం అంటుద్ది, తెలివితక్కువోడా?' అన్నాడు. దెబ్బకు వాడు బండి తీసినాడు."

"మరి ఆయనేడి?"

"దోవలో వాళ్లింటికాడ దిగిపోయినాడు. మీకు చెప్పొద్దన్నాడు."

బుధవారం కరుణాకరం వచ్చి కాటా ఎక్కాడు. తాగిందంతా ఒంట్లోనే నిలిచిపోయే జబ్బు; ఎప్పుడూ పెరిగేదానికన్నా కిలో ఎక్కువుంది.

"అంబలి బాగుందా పెదనాయనా?" అంది కృపారాణి.

ఆయన కిటికీ వైపు చూశాడు. గురమ్మ తల తిప్పుకుంది. "వాళ్ల ఊరికి కొత్త రోడ్డేసినారంటే ఎట్లేడ్చిందో చూద్దామని పోయినాలే. దరిద్రంగా ఉంది," అన్నాడు.

కృపారాణి ఆయన్ని మంచం ఎక్కించింది. సూదులు గుచ్చి, టేపు అంటించి, రిజిస్టరు తెచ్చి ఆయన ఒడిలో పెట్టింది. కరోనా తగ్గాక కూడా రాకుండా ఉండిపోయిన ముగ్గురి పేర్ల కింద గీతలు గీసి ఉన్నాయి. మొదటిపేరు గిద్దలూరు కొండయ్యది.

"నీ రాతొకటి, కోడి గీకినట్టు," అంటూ కరుణాకరం కళ్లజోడు సర్దుకున్నాడు. ఆమె నంబరు నొక్కి ఫోన్ ఆయన చెవి దగ్గర పట్టుకుంది.

"కొండయ్యా, నేను కరుణాకరాన్ని. నువ్వు పోయినావని ఇక్కడ చెప్పుకుంటాండారు. నేను నమ్మలే. అంత పని వాడి చేత యాడవుద్ది అని చెప్పినా."