కోత పండుగలో అమ్మ ఆవకాయ

మేము మలావీలో ఉంటాం. మా ఆయన అక్కడ సువార్త చెబుతారు, నేను బడిలో లెక్కలు చెబుతాను. ఈ రెండింటిలో జనం ఎక్కువ ఎదురు తిరిగేది లెక్కలకే. సెలవు మీద వచ్చినప్పుడు తెనాలి, రేపల్లె, బాపట్ల చర్చిల్లో ఇద్దరం సాక్ష్యం చెప్పాలి. మమ్మల్ని పంపింది వాళ్ళే కాబట్టి, ఇంకా బతికే ఉన్నామని చూపించడం మర్యాద.

మా ఆయనకు ఇవ్వడం ఒక జబ్బు. అడిగినా ఇస్తారు, అడగకపోయినా ఇస్తారు. ఒక కరువు ఏడాది మా ఇంట్లో ఉన్న మొక్కజొన్న పిండి మొత్తం పక్కింటావిడకు ఎత్తి ఇచ్చేసి, "దేవుడు చూసుకుంటాడులే" అన్నారు. సాయంత్రానికి దేవుడు చూసుకున్నాడు. ఆ పక్కింటావిడే సంకటి వండి మాకూ పంపింది. మా పిండే. ఆయన మోకాళ్ళూని స్తోత్రం చెల్లించారు. నేనూ పక్కనే మోకరించాను గానీ, మా పిండి మా ఇంటికి రావడానికి ఇంత తిరుగుడు అవసరమా అని ఆలోచిస్తున్నాను. అయినా ప్రతి సభలోనూ ఈ కథ చెప్పేది నేనే. జనానికి బాగా నచ్చుతుంది.

ఈసారి వచ్చేసరికి అమ్మ లేదు. వానాకాలంలో పోయింది. మాకు టిక్కెట్లు దొరికేలోగా అంతా అయిపోయింది. ఎండాకాలంలో నాకోసమని పెట్టిన ఆవకాయ జాడీ మాత్రం తెనాలిలో మా చెల్లి ఇంట్లో ఉంది. చిన్న జాడీ. మూతికి వాసెన కట్టిన గుడ్డ అమ్మ పాత చీర చెంగు. చెల్లి దాన్ని తాకలేదు, నేనూ విప్పలేదు. మలావీ వెళ్ళాక కొంచెం కొంచెంగా తినాలని, అది అయిపోయేదాకా అమ్మ పోలేదని అనుకోవాలని నా ఉద్దేశం. ఈ ఉద్దేశం ఎవరికీ చెప్పలేదు. చెబితే ప్రార్థన చేస్తారు.

తెనాలి నుంచి రేపల్లె పాసింజరులో జాడీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మిగతా సామానంతా ముందే బాపట్ల చేర్చేశాం. రేపల్లెలో ఆరాధన కాగానే అటునుంచి అటే బాపట్ల వెళ్ళి, అక్కణ్ణుంచి విమానానికి బయలుదేరాలి.

ఆ ఆదివారం రేపల్లె చర్చిలో కోత పండుగ. మా వైపు కోత పండుగకు పొలంలో, పెరట్లో, వంటింట్లో ఎవరికి ఏది అమిరితే అది తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ధాన్యం బస్తాలు, అరటి గెలలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, ఆ తర్వాత చర్చి వెనక అందరికీ విందు. ఆ ఏడు వచ్చిందంతా మా మలావీ పనికే ఇస్తామన్నారు.

సాక్ష్యం చెప్పడానికి లేస్తూ జాడీని ముందు బెంచీ మీద పెట్టాను. కోత పండుగ నాడు వాసెన కట్టిన జాడీ బెంచీ మీద ఎందుకుంటుంది? ఎవరో కానుక తెచ్చి, ముందుకు తీసుకెళ్ళడానికి సిగ్గుపడ్డారనుకుందట స్త్రీల సమాజం పెద్దావిడ. చక్కగా తీసుకెళ్ళి గుమ్మడికాయల పక్కన పెట్టింది. అప్పుడు నేను మైకు ముందు పిండి కథలో ఉన్నాను. మనది అనుకున్నది దేవుడి చేతిలో పెట్టెయ్యాలని చెబుతుండగా నా కళ్ళముందే జరిగింది. నేను మాట ఆపలేదు. బలిపీఠం ముందు పెట్టిన దాన్ని వెనక్కి తీసుకున్న మనిషిని మా వైపు నేనింతవరకు చూడలేదు. ఆ మొదటి మనిషి మిషనరీ కావడం బాగుండదు.

వేలం మొదలైంది. జాడీ వంతు రాగానే చెయ్యి ఎత్తాను.

"అమ్మగారే పాడుతున్నారండోయ్!" అన్నాడు వేలం వేసే ఆయన. దాంతో ఆ జాడీ విలువ పెరిగిపోయింది. కొల్లూరు లంకల్లో అరటితోటలున్న ఒక పెద్దాయన నా మీద పాట పెంచారు. నేను పెంచాను. ఆయన మళ్ళీ పెంచారు, ఎంతో గౌరవంగా, నాకు నమస్కారం పెడుతూ. నా పర్సు అడుగంటింది. మా ఆయన వైపు చూశాను.

"పోనీలే, మీ అమ్మ పెట్టిన జాడీ ఉందిగా" అన్నారు.

"అదే ఇది."

ఆయన మొహం పాలిపోయింది. జేబులు తడుముకున్నారు. ఉన్నది కాస్తా స్టేషన్లో ఎవరికో ఇచ్చేశారట. దేవుడు చూసుకుంటాడు అనబోయి, నన్ను చూసి మానేశారు.

పాట పెద్దాయనదే అయింది. జాడీ ఎత్తి పట్టుకుని, "ఇలాంటిది ఒక్కింట్లో ఉండకూడదండి. విందులో అందరికీ పెడదాం. అమ్మగారూ, అంత మనసు పడ్డారు, మీ చేత్తోనే వడ్డించండి" అన్నారు.

"ఆగు, నేను చెబుతాను వాళ్ళకి" అని లేచారు మా ఆయన. వద్దన్నాను. మలావీలో మేము ఇచ్చినవన్నీ ఎవరో పంపినవే. ఇవ్వడం తేలిక. నాదంటూ ఉన్నది ఈ జాడీ ఒక్కటే. ఇది ఇవ్వలేకపోతే పిండి కథ మళ్ళీ చెప్పకూడదు. ఆ కథతో నాకింకా పనుంది.

వాసెన ముడి అమ్మ వేసింది, ఎంతకీ రాలేదు. పళ్ళతో విప్పాను.

బంతిలో విస్తరి విస్తరికీ వంగి వడ్డించుకుంటూ పోయాను. "ఆవ ఘాటు భలే కుదిరిందండి" అన్నారొకరు. "ఉప్పు కాస్త ఎక్కువైంది" అంది ఇంకొకావిడ. ఆవిడకు చిన్న ముక్క వేశాను. బంతి చివరికి వచ్చేసరికి జాడీలో ముక్క లేదు. దేవుడి మీద నాకు కోపంగానే ఉంది, ఆ మాట ఆ దేవుడికే చెప్పాను కూడా.

స్త్రీల సమాజం పెద్దావిడ జాడీ నా చేతిలోంచి తీసుకుంది. కడగడానికి అనుకున్నాను. ఆవిడ అందులో వేడన్నం వేసి, గోడలకు అంటిన గుజ్జంతా తుడిచి కలిపి, ముద్ద చేసింది.

"అందరికీ పెట్టావు, నీకేం మిగల్లేదు. నోరు తెరువమ్మా."

తెరిచాను. అమ్మ పోయిందని విన్నప్పుడు మలావీలో నాకు ఏడుపు రాలేదు. తెనాలిలో అమ్మ మంచం చూసినప్పుడూ రాలేదు. ఆ చర్చి వెనక, నోట్లో ముద్ద పెట్టుకుని, చంటిపిల్లలా ఏడ్చాను.

"కారం తగిలినట్టుంది" అని ఆవిడ గ్లాసుతో మంచినీళ్ళు అందించింది. తాగి, ఇంకో ముద్ద పెట్టమన్నాను.