ఆ ఫోన్లన్నీ విన్న శారదక్క

నిన్న పొద్దున ఆఫీస్ క్యాబ్ ఎక్కుతుంటే బావగారి ఫోన్.

మా పక్కింటి శారదక్క ఇక లేదన్నారు. నిద్రలోనే పోయిందట.

డ్రైవర్ భయ్యా బయల్దేరదామా అని అడుగుతుంటే దిగిపోయాను. మొన్న సాయంత్రమే కదా, లిఫ్ట్ దగ్గర ఆపి మరీ కబుర్లు చెప్పింది.

నమ్మలేకపోతున్నా.

మా సొసైటీలో అక్కని తెలియనివాళ్లు లేరు. వరంగల్ మనిషి. గట్టి గొంతు. బతుకమ్మ రోజు సెక్యూరిటీ గార్డులతో కూడా చప్పట్లు కొట్టించేది.

కానీ ఆఫీసులో తను ఏం చేసిందో చాలామందికి తెలీదు. తను చెప్పుకోలేదు. ఈరోజు నేను చెప్తాను.

అక్క ఢిల్లీ పక్కన నోయిడాలో ఒక ప్రైవేట్ అంబులెన్స్ కంపెనీ కాల్ సెంటర్‌లో సూపర్‌వైజర్. ఆకతాయి కాల్స్ ఎక్కువయ్యాయని అక్కడ ఏఐ పెట్టారు. ఫోన్ ముందు అదే ఎత్తుతుంది. నిజంగా ఎమర్జెన్సీ అనిపిస్తేనే మనిషికి కలుపుతుంది. లేదంటే ఫేక్ అని కట్ చేసేస్తుంది.

ఆఫీసులో అందరూ హ్యాపీ. అక్కకి మాత్రం మనసొప్పలేదు. ఒక మధ్యాహ్నం, అది కట్ చేసిన కాల్స్ వినడం మొదలుపెట్టింది.

అందులో ఒక తెలుగు గొంతు.

భర్త ట్రాన్స్‌ఫర్ మీద కొత్తగా ఢిల్లీ వచ్చిన ఆవిడ. హిందీ రాదు. ఆయన కుప్పకూలిపోయారని ఏడుస్తూ తెలుగులో చెప్తోంది. ఏఐకి అర్థం కాలేదు.

కట్.

అదృష్టం, ఆ కాల్ అప్పుడే వచ్చింది. అక్క వెంటనే తిరిగి చేసింది.

"భయపడకమ్మా. నేను లైన్లనే ఉన్న. తలుపు తీసిపెట్టు, బండి వస్తది."

అంబులెన్స్ చేరేదాకా ఫోన్ పెట్టలేదు. ఛాతీ మీద ఎలా నొక్కాలో చెప్తూనే ఉంది.

ఆయన బతికారు.

అక్కడితో ఆగి ఉంటే ఒక బొకే ఇచ్చి ఫొటో తీసేవాళ్లు. అక్క ఆగలేదు. పాత కాల్స్ కూడా వింది.

ఒక పెద్దాయన కాల్. ఫరీదాబాద్‌లో ఒక్కరే ఉండేవారు. పక్షవాతం వచ్చి మాట ముద్దముద్దగా వస్తోంది. తాగి మాట్లాడుతున్నాడనుకుని ఏఐ కట్ చేసింది. ఆయన మళ్లీ చేశారు. మళ్లీ కట్.

ఆయన బతకలేదు.

విషయం చెబితే, సాఫ్ట్‌వేర్ సరిచేస్తాం, బయట మాత్రం మాట్లాడొద్దు అన్నారు పైవాళ్లు. అక్క ఠీక్ హై అనలేదు. ఆయన కూతురు ఢిల్లీలోని కటవారియా సరాయ్‌లో రూమ్ తీసుకుని ఎగ్జామ్స్‌కి చదువుకుంటోందని తెలుసుకుని, నన్ను తోడు తీసుకుని వెళ్లింది.

నాన్న ఎవరినీ సాయం అడక్కుండానే పోయారు, నేను దగ్గరుంటే బతికేవారు అని ఆ అమ్మాయి కుమిలిపోతోంది.

అక్క హిందీలో, మెల్లగా చెప్పింది.

"మీ నాన్నగారు మాకు ఫోన్ చేశారమ్మా. మేమే వినలేదు. తప్పు నీది కాదు, మాది."

ఆ అమ్మాయి అక్క చేతులు పట్టుకుని ఏడ్చింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

కంపెనీ అక్కని ఆ సీట్ నుంచి తీసేసింది. ఆ అమ్మాయి కంప్లైంట్ ఇచ్చింది. ఎంక్వైరీలో అక్క ఉన్నదున్నట్టు చెప్పింది. ఉద్యోగం పోతుందేమోనని బావగారూ నేనూ భయపడ్డాం. తను భయపడలేదు.

చివరికి రూల్ మారింది. మనిషి వినకుండా ఒక్క కాల్ కూడా కట్ చేయకూడదు.

అక్కని మళ్లీ ఆ సీట్‌కే పిలిచారు. వెళ్లింది కూడా. వాళ్ల మీద కోపం లేదా అక్కా అని అడిగాను.

"కోపం ఉన్నది. కానీ ఫోన్లు ఎవరెత్తాలె?" అంది.

ఇవాళ ఈ ఊళ్లో ఎవరెవరో బతికి తిరుగుతున్నారు, అక్క పేరు కూడా తెలీకుండా. నాకు తెలుసు. నా పక్క ఫ్లాట్‌లో ఉండేది ఆ మనిషి. ఎంత గర్వంగా ఉందో.

ఇక హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టు అక్కా. ప్రశాంతంగా పడుకో.