నడుముకు తలుపు చెక్క

నడుముకు బెల్టు కట్టుకున్నవాళ్లను మీరు చూసి ఉంటారు. తలుపు చెక్క కట్టుకుని, ఆటోలో అడ్డంగా ఇరుక్కుని, గోదావరిఖని చౌరస్తాలో పదిమందికి వినోదం పంచినవాణ్ణి మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. కడుపుబ్బా నవ్వుకోండి గానీ, మా ఆవిడ సరోజ ముందు మాత్రం ఈ ప్రస్తావన తేకండి. ఆమె కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు.

నేను భూగర్భ గనిలో సపోర్ట్ పని చేస్తాను. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి చెక్కలు బిగించే పని అది. మాకు రెండే వేదాలు. ఒకటి, తీసిన చోట సపోర్ట్ పెట్టాలి. రెండు, కప్పును కడ్డీతో తట్టి వినాలి. గట్టిగా మోగితే నిలబడొచ్చు, బోలుగా మోగితే పరుగెత్తాలి.

అలాంటి నాకు డిస్కు జారింది. నడుము నుంచి ఎడమ పిక్క దాకా ఎవరో తాడు కట్టి గుంజుతున్నట్టు ఒకటే నొప్పి. కూర్చోలేక నిలబడే అన్నం తినేవాణ్ణి. మాత్రలు, వ్యాయామాలు అన్నీ అయ్యాయి. ఇది తగ్గకపోతే మళ్లీ బావిలోకి, అంటే గనిలోకి, దిగలేవని తెలిసినవాళ్లంతా తేల్చేశారు. నాకు వచ్చిన పని అదొక్కటే. దుప్పటి కప్పుకుని ఏడ్చాను కూడా.

చివరికి కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. కోస్తా వైపు మనిషి, ఓపిక ఎక్కువ.

“చిన్న రంధ్రం చాలు రాజేశం గారూ. సన్నని గొట్టం, దానికి కెమెరా. నరాన్ని నొక్కుతున్న ముక్క తీసేస్తాం. సాయంత్రానికి లేచి నడుస్తారు.”

“తీసినంక ఆడ ఏం పెడ్తరు మేడం?”

“ఏమీ పెట్టం.”

“ఉత్తగనే ఇడిసిపెడ్తరా?”

“డిస్కు మొత్తం తీయడం లేదు కదండీ. బయటికి జారిన ముక్క ఒక్కటే.”

సరోజ మోచేత్తో పొడవడంతో నోరు మూసుకున్నాను. మెదడు మాత్రం మూసుకోలేదు.

ఆపరేషన్ రోజు మత్తు నడుముకే ఇచ్చారు, నోటికి ఇవ్వలేదు. బోర్లా పడుకునే అడిగాను. “మేడం, సపోర్ట్ సంగతి జర యాదుంచుకోండ్రి.”

“మీరు మాట్లాడకుండా ఉంటే నేను తొందరగా ముగిస్తాను రాజేశం గారూ.”

సాయంత్రం నిజంగానే నా కాళ్ల మీద నేను నిలబడ్డాను. పిక్కలో గుంజుడు లేదు. సరోజ కొంగుతో కళ్లు తుడుచుకుంది. బరువులెత్తొద్దు, వంగొద్దు, రోజూ కొంచెం కొంచెంగా నడవాలి అని చెప్పి డాక్టరమ్మ మర్నాడు ఇంటికి పంపింది. బుద్ధిమంతుడైతే అక్కడితో కథ కంచికి చేరేది.

మర్నాడే మా బావ ఓదెలు చూడ్డానికి వచ్చాడు. సరోజకు అన్న, బావిలో నా జోడీ. చొక్కా ఎత్తి, బొట్టుబిళ్లంత ప్లాస్టర్ చూసి పెదవి విరిచాడు.

“గింతేనా బావా? మరి లోపటి ఖాళీకి సపోర్ట్?”

“పెట్టలే. అవసరం లేదన్నది.”

“ఆగు, తట్టి చూద్దాం.”

బోర్లా పడుకోబెట్టి, కుట్టుకు దూరంగా వీపు మీద వేళ్ల కణుపులతో తట్టాడు. చెవి ఆనించి విన్నాడు. మళ్లీ తట్టాడు. “బావా, బోలుగ మోగుతాంది.”

ఎవరి వీపు తట్టినా అలాగే మోగుతుందని, లోపల ఊపిరితిత్తులుంటాయని మా ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు. మేం పట్టిన కుందేలుకు కాళ్లే లేవు. గంటలో ఓదెలు వాళ్లింటి పాత స్నానాలగది తలుపులోంచి ఒక చెక్క కోసుకొచ్చాడు. కంపెనీ చెక్క ముట్టలేదు, మేం అంత చెడ్డవాళ్లం కాదు.

“గొళ్లెం ఊడుతలేదు బావా, తుప్పు పట్టింది.”

“ఉండనియ్యి. అది నన్నేం చేస్తది? మీద బట్ట పెట్టు.”

వీపు నుంచి పిరుదు దాకా చెక్క ఆనించి, రెండు తువ్వాళ్లతో బిగించి, పైన చొక్కా తొడిగాడు.

“గదేంది అట్ల నిక్కి నిలబడ్డవ్?” అంది సరోజ.

“స్పెషల్ బెల్టు.”

డాక్టరమ్మ చెప్పింది నడక, నేను పట్టింది మంచం. నడిస్తే కప్పు కూలుతుందని భయం. నాలుగు రోజులు గడిచేసరికి ఎడమ పిరుదులో పోటు మొదలై తొడలోకి పాకింది.

“సరోజా, మళ్ల మొదలైంది.”

ఆమె చేతిలోని గిన్నె అలాగే ఆగిపోయింది. అది చూసి నాకు నొప్పి కంటే ఎక్కువ భయం వేసింది. ఆపరేషన్ పాడైంది, బావి పోయింది, నా బతుకు మంచానికి అంటుకుపోయింది అనుకున్నాను.

వెంటనే కరీంనగర్ పోదామని సరోజ నన్ను చౌరస్తాకు తీసుకెళ్లి ఆటో పిలిచింది. తల లోపలికి వెళ్లింది, నడుము వంగలేదు. సగం మనిషి లోపల, సగం చౌరస్తాలో.

“కాక, జర నడుం వంచు,” అన్నాడు ఆటో అతను.

“వంగది బిడ్డా.”

“మనిషివా, కరెంటు స్తంభానివా?”

మా ఖనిలో ప్రతి మనిషీ పుట్టు సూపర్‌వైజరే. ఒకాయన కాళ్లు పట్టి నెట్టమన్నాడు, ఇంకొకాయన భుజాలు గుంజమన్నాడు. ఇద్దరి మాటా ఒకేసారి అమలైంది. ఫట్‌మని చప్పుడు.

“అయ్యో, నడుం ఇరిగింది,” అని సరోజ కూలబడింది. జనం రెండడుగులు వెనక్కి వేశారు. నేనూ విరిగిందనే అనుకుని కళ్లు మూసుకున్నాను.

మూసుకుని చూస్తే హాయిగా ఉంది. నేను సీటులో కూర్చున్నాను. నెలల తర్వాత కూర్చున్నాను. పిరుదులో పోటు లేదు. అప్పుడే నా చొక్కా కిందినుంచి సగం చెక్క, గొళ్లెంతో సహా జారి రోడ్డు మీద పడింది.

ఆటో అతను దాన్ని తీసి అటూ ఇటూ తిప్పాడు. “కాక, తలుపు గూడ దవాఖానోళ్లే ఇచ్చిన్రా?”

సరోజ లేచింది. గొళ్లెం వంక చూసింది, నా వంక చూసింది. కరీంనగర్ దాకా ఆ చెక్క వదల్లేదు.

డాక్టరమ్మ నా పిరుదు మీద అచ్చుపడిన గుర్తును చూసి, సరోజ చేతిలోని చెక్కను చూసి, నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూర్చుండిపోయింది. తర్వాత కాళ్లు ఎత్తించి, వేళ్లు కదిలించి జాగ్రత్తగా పరీక్షించింది.

“మీ డిస్కు బాగుంది. నొప్పి గొళ్లెంది.”

“మరి కప్పు కూలదా మేడం?”

“కూలదు. మీ నడుము చుట్టూ ఉన్న కండరాలే మీ సపోర్ట్. నడిస్తేనే గట్టిపడతాయి.”

ఆ రోజు ఆసుపత్రి వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. నొప్పి లేకుండా నడిచాను. సరోజ చెక్క ఎత్తి చూపింది. “రేపటి సంది నడకకు పోకుంటే, ఈ చెక్కతోని నేను పెడ్త నీకు సపోర్ట్.”

రోజూ పొద్దున్నే నడిచాను. వెనకే సరోజ, ఆమె చేతిలో చెక్క. కొన్ని నెలలకు డాక్టరమ్మ సరేనన్నాక మళ్లీ డ్యూటీలో చేరాను. మొదటి షిఫ్టులో ఓదెలు ఎప్పటిలాగే కడ్డీతో కప్పు తట్టి విన్నాడు. “మంచిగున్నది,” అని, అదే ఊపులో నా వీపు వైపు చెయ్యి చాపాడు.

నేను తప్పుకున్నాను. టోపీ దీపం సాక్షిగా అక్కడే శపథం చేశాను: ఇక ఈ జన్మలో నా వీపు ఓదెలు చేత తట్టించుకోను, ఏ తలుపునూ నడుముకు కట్టుకోను, ఒకవేళ కట్టుకోవాల్సే వస్తే ముందు గొళ్లెం ఊడదీస్తాను.