బాలవ్వ, బుచ్చిరాములు దంపతులకు ఒకే తోటలో చోటు

పేరు: జాడి బాలవ్వ. జ్ఞానస్నాన నామం: తెరెసమ్మ. వయస్సు: అరవై ఆరు. ఈ విన్నపం రాస్తున్న నేను ఆమెను ఎరిగిన కాలం: ముప్పై ఒక్క సంవత్సరాలు. గని ఆఫీసులో గుమాస్తాగా బెల్లంపల్లి వైపున్న ఈ కాలనీకి బదిలీపై వచ్చిన మొదటి ఆదివారమే, మన కతోలిక గుడిలో నేను కూర్చున్న చోటు తనదని చెప్పి ఆమె నన్ను లేపారు. పరిచయం అప్పటిది.

బిషప్పులైన మేత్రానుల వారి సముఖానికి పంపే కాగితంలో సాధారణంగా ఇంతకు మించిన వివరం అవసరం ఉండదు. అయితే ఈమె కోరిక మాత్రమే రాసి, అది ఎందుకు పుట్టిందో రాయకపోతే తమరికి విడ్డూరంగా తోచవచ్చు. కనుక జరిగినది జరిగినట్లు మనవి చేస్తున్నాను.

బాలవ్వ గారు పుట్టుకతో కతోలికులు. భర్త బుచ్చిరాములు గారు పుట్టుకతో ప్రొటెస్టెంటు. ఆయన భూగర్భ గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలిపే పని ముప్పై నాలుగేండ్లు చేసి విరమించారు. వివాహమై నలభై మూడు సంవత్సరాలైంది. ఆదివారం ఉదయం ఇద్దరూ కలిసి బయలుదేరి, కాలనీ చివర విడిపోతారు. ఆమె మన గుడికి, ఆయన పక్కనే ఉన్న వారి చర్చికి. తిరుగు దారిలో మళ్లీ కలుస్తారు గాని మాట్లాడుకోరు. రెండు ప్రసంగాల్లో విన్నదంతా ఇంటికి చేరి, చెప్పులు విడిచిన తరువాతనే తేల్చుకుంటారు.

వారి ఇంట్లో ఒకే అలమారలో రెండు బైబిళ్లు ఉన్నాయి. ఆమెది డెబ్బై మూడు పుస్తకాలది. ఆయనది అరవై ఆరింటిది. ఆ ఏడు పుస్తకాలు మీవాళ్లు చేర్చారని ఆయన, మీవాళ్లు తీసేశారని ఆమె. మృతుల కొరకు ప్రార్థించడం మంచిదని మక్కబీయుల రెండవ గ్రంథంలో ఉన్నదని ఒకసారి ఆమె వేలు పెట్టి చూపగా, తన బైబిల్లో ఆ గ్రంథమే లేదని ఆయన అన్నారు. నీ రేషన్ కార్డుల నా పేరు లేకుంటే నేను లేనట్టేనా అని ఆమె అడిగారు. ఆ రోజు కార్డులో నిజంగానే ఆమె పేరు లేదు. తహసీల్దారు కార్యాలయంలో పొరపాటున తొలగించారు. ఆ పేరు మళ్లీ ఎక్కించుటకు దరఖాస్తు రాసినవాడిని నేనే.

పోపు గారి అధికారం గురించి జరిగిన వాదన నా సమక్షంలోనే జరిగింది గనుక ఉన్నది ఉన్నట్లు రాస్తున్నాను.

"గని కప్పు గట్టిగున్నదో లేదో పైన కూసున్నోడు చెప్పుడేంది? నేను కట్టెతోని తట్టి చూస్త. చప్పుడు వింటె నాకే తెలుస్తది. వాక్యం గూడ గంతే," అన్నారు బుచ్చిరాములు గారు.

"నువ్వు తట్టి గట్టిగున్నదంటవు. నీ పక్కోడు తట్టి కూలుతదంటడు. దిగాల్నా, వద్దా?"

"గందుకే సర్దార్ ఉంటడు. ఆయన చూసి చెప్తడు."

"మరి మాకు గూడ ఒక సర్దార్ ఉన్నడు," అన్నారు బాలవ్వ గారు.



ఇట్లు సాగుతున్న సంసారానికి నిరుడు నవంబరు రెండవ తేదీన, సమాధుల పండుగ నాడు, చిక్కు వచ్చింది. మన సమాధుల తోటకు, వారి సమాధుల తోటకు నడుమ ఒక గోడ ఉన్నది. ఆ రోజు వారు కూడా సమాధులకు సున్నం వేసి పూలు పెడతారు. అయితే మృతుల కొరకు ప్రార్థించరు, పవిత్ర జలం చల్లరు. బాలవ్వ గారి అత్తగారు కీర్తిశేషురాలు శంకరవ్వ గారు గోడకు అవతల ఉన్నారు. కనుక బాలవ్వ గారు ఏటా మన పూజ ముగిశాక సీసాలో పవిత్ర జలం పట్టుకొని, ఎవరూ చూడకుండా వెళ్లి, అత్తగారి మీద చల్లి వచ్చేవారు. ఇది పన్నెండేండ్లుగా జరుగుతున్నట్లు ఆమె తరువాత ఒప్పుకున్నారు.

కొత్త సున్నం కింద పాత పేర్లు కనిపించవు. అది ఆరిన తరువాత నల్లరంగుతో తిరిగి రాస్తారు. అందువల్ల ఆమె గుర్తు ఒక్కటే: గేటు నుండి మూడవది. నిరుడు వారి సంఘం వారు గేటును తూర్పు వైపుకు మార్చిన సంగతి ఆమెకు తెలియదు. కొత్త గేటు నుండి మూడవది ముత్యం గారి సమాధి. ఆయన వారి పాత ప్రసంగీకులు. చచ్చినవారికి ప్రార్థన పనికిరాదని బతికినంత కాలం బోధించినవారు.

బాలవ్వ గారు ఆయన మీద సీసా ఖాళీ చేసి, "అత్తా, నువ్వు నన్ను పెట్టిన కష్టాలు నేను మరిసిపోయిన. దేవుడు నిన్ను పాపాలు కడుక్కునే ఉత్తరించు స్థలంకెల్లి జల్ది బయటికి తియ్యాలె" అని కన్నీళ్లతో ప్రార్థించారు. వెనుకనే ముత్యం గారి కుమారుడు, వారి సంఘం అధ్యక్షుడు లక్ష్మీరాజం గారు, తండ్రి పేరు రాయడానికి రంగు డబ్బాతో నిలబడి ఉన్నారు.

"అది మీ అత్త గాదు. మా బాపు," అన్నారాయన.

ఆమె గేటు వైపు చూసి, వేళ్లు లెక్కపెట్టి, సంగతి గ్రహించారు. అక్కడ క్షమాపణ చెప్పి ఉంటే ఈ లేఖ అవసరం వచ్చేది కాదు.

"పోనియ్యి బిడ్డా. ఆయనకు గూడ జర మేలే అయితది," అన్నారు.

"మా బాపు పరలోకంల ఉన్నడు. ఆయనకు మీ నీళ్లు అక్కర లేదు."

"అక్కర లేకుంటె వేరేటోళ్లకు పోతయి. నువ్వు ఫికర్ చెయ్యకు."

వారం లోపల వారి సంఘం నుండి మన గుడి విచారణ గురువులైన ఫాదర్ గారికి లేఖ అందింది. ముత్యం గారి విషయమై చేసిన ప్రార్థనను రాతపూర్వకంగా ఉపసంహరించుకోవలసిందని అందులో కోరారు. చేసిన ప్రార్థనను వెనక్కి తీసుకొను పద్ధతి తిరుసభలో లేదని ఫాదర్ గారు బదులిచ్చారు. రెండు లేఖల నకళ్లు జతపరిచాను.

దీనిపై వారి కమిటీ సమావేశమైనప్పుడు సభ్యుడిగా బుచ్చిరాములు గారు కూడా ఉన్నారు. భార్యను మందలించమని ఆయనను ఆదేశించారట. ఆయన లేచి, "ఆ నీళ్లల్ల ఏం లేదని మనమే అంటుంటిమి. ఏం లేనిదాన్ని వాపస్ తీసుకొమ్మంటె వాళ్లు ఏం తియ్యాలె?" అన్నారట. నువ్వు ఎవరి దిక్కు అని లక్ష్మీరాజం గారు అడిగారు. తాను లేఖనం దిక్కని ఆయన చెప్పారు. దాంతో వారు బాలవ్వకు తమ తోటలో ఎన్నటికీ చోటు లేదని తీర్మానం చేసి లేచిపోయారు.

నిజానికి దంపతులు కోరుకున్నది ఆ చోటునే. ఆయనకు బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై, నిరుడు ఎండాకాలం పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. అప్పుడే ఆమె, పోయాక ఆయన పక్కనే ఉంటానని, అందుకు గోడ అవతలికైనా వస్తానని మాట ఇచ్చారు. తీర్మానంతో ఆ దారి మూసుకుపోయింది.

తీర్మానం జరిగిన సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు.

"నలభై మూడేండ్లు ఒక్క ఇంట్ల కొట్లాడినం సార్. పోయినంక గోడకు అటొకలు ఇటొకలు పండుకుంటె, అది ఎవరితోని మాట్లాడుతది? నేనే ఇటు వస్త. రాయండ్రి."

మన విచారణ గురువులకు అభ్యంతరం లేదు. అయితే కతోలికుడు కాని వ్యక్తిని మన తోటలో, మన గురువుల చేతుల మీదుగా సమాధి చేయుటకు తమరి అనుమతి ఉండాలని వారు చెప్పారు. ఆ మాట విని బుచ్చిరాములు గారు, చచ్చినంక గూడ సర్దార్‌నే అడగాల్నా అన్నారు గాని, లేచి వెళ్లలేదు. మతం మారనని, సమాధుల పండుగ నాడు తన మీద నీళ్లు చల్లరాదని రెండు షరతులు పెట్టారు. మొదటిది బాలవ్వ గారికి సమ్మతమే. రెండవది సమ్మతం కాదు. ఆయన ముందు పోతే తానే సీసా తెస్తానని, తాను ముందు పోయినా, తన మీద చల్లే నీళ్లు పక్కనున్న ఆయన మీద పడకుండా ఎట్లా ఆపుతారో చూస్తానని ఆమె నాతో అన్నారు. ఈ అంశంపై వారిద్దరినీ ఒప్పించుట నా వల్ల కాలేదు.

కావున పూజ్యులైన మేత్రానుల వారు దయతలచి, మన విచారణ సమాధుల తోటలో పక్కపక్కన రెండు స్థలాలను జాడి బాలవ్వ, జాడి బుచ్చిరాములు దంపతులకు కేటాయించుటకు అనుమతించవలసిందిగాను, జలం చల్లు విషయాన్ని ఆనాటి గురువుల విచక్షణకు విడిచిపెట్టవలసిందిగాను, అనుమతి ఉత్తర్వు ఇద్దరి పేర్ల మీద ఒకే కాగితంపై ఇప్పించవలసిందిగాను వినయపూర్వకంగా వేడుకొనుచున్నాను. రెండు కాగితాలు వచ్చిన పక్షంలో ఎవరిది మొదటిది అను వాదన తలెత్తగలదు. బుచ్చిరాములు గారి ఆరోగ్యం దృష్ట్యా, ఇద్దరూ కలిసి చదువుకొనుటకు వీలైన కాలంలోనే ఉత్తర్వు అందునట్లు చూడవలసిందిగా ప్రత్యేక మనవి.